లెక్క అడగడం అపనమ్మకం కాదు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

మీలో చాలామంది ఏదో ఒక క్రైస్తవ సేవా సంస్థ బోర్డులో ఉన్నారు. "మీరు ప్రార్థనలో తోడుంటే చాలు, పేరు ఇవ్వండి" అని అడిగితే ఒప్పుకొని చేరినవారూ ఉంటారు. పేరు ఇస్తే చాలదు. సంస్థ పుచ్చుకున్న కానుకలకు, చేసిన అప్పులకు, దాని సంరక్షణలో ఉన్న పిల్లల భద్రతకు చివరికి జవాబు చెప్పాల్సింది బోర్డే.

వ్యాపార కంపెనీకైతే వాటాదారులు ఉంటారు, నష్టం వస్తే నిలదీస్తారు. సేవా సంస్థకు అలాంటి యజమాని లేడు. కానుక ఇచ్చినవారు దూరాన ఉంటారు. సాయం పొందేవారికి గొంతు ఉండదు. స్థాపకుడు సొంత ఇల్లు అమ్మి మొదలుపెట్టినా సరే, ఆ సంస్థ ఆయన ఆస్తి కాదు. అందుకే బోర్డును గృహనిర్వాహకుల స్థానంలో పెట్టారు.

మన సంస్థల్లో ఒక చిక్కు ఉంది. నాయకుణ్ణి దైవజనుడిగా గౌరవిస్తాం. గౌరవించాల్సిందే. కానీ బ్యాంకు ఖాతా వివరాలు అడగబోయేసరికి "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అనే మాట అడ్డొస్తుంది. ఆ మాట ఉన్న 105వ కీర్తనలో దేవుడు రాజులను గద్దించింది తన ప్రవక్తలకు కీడు చేయవద్దని. ఖర్చు రసీదు చూపమనడం కీడు ఎలా అవుతుంది?

రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం చూడండి. యూదా రాజు యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా యాజకులు మందిరాన్ని బాగుచేయించలేదు. అప్పుడు ప్రధాన యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం పెట్టి బలిపీఠం దగ్గర ఉంచాడు. పెట్టె నిండినప్పుడు ప్రధాన యాజకుడు ఒక్కడే లెక్కపెట్టలేదు. రాజు తరఫు అధికారి కూడా వచ్చి, ఇద్దరూ కలిసి లెక్కించి సంచుల్లో కట్టారు. పని చేయించినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. కొందరు ఆ ఒక్క వచనాన్నే పట్టుకుంటారు. దానికి ముందు డబ్బు రెండు జతల కళ్ల ముందు నుంచి వెళ్లిందన్న సంగతి వదిలేస్తారు. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను ఒంటరిగా మోసుకెళ్లలేదు. తనమీద ఎవరూ తప్పు మోపకూడదని, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు తీసుకున్నాడు. పౌలుకే అవసరమైనది మనకు అక్కర్లేదా?

రోజువారీ పనిలో వేలు పెట్టమని నేను అనడం లేదు. ఏ ఉద్యోగిని ఎక్కడికి పంపాలో, బియ్యం ఎవరి దగ్గర కొనాలో నాయకుడు చూసుకుంటాడు. సంస్థ దేనికోసం ఉంది, డబ్బు ఏ హద్దుల్లో ఖర్చవ్వాలి, నాయకుడిగా ఎవరు ఉండాలి అన్నవి మాత్రం బోర్డువి. ఆ అధికారం కూడా సభ్యులందరూ సమావేశమై తీర్మానించినప్పుడే. బయట ఫోన్ చేసి ఉద్యోగులకు ఆజ్ఞలిచ్చే సభ్యుడికి ఏ అధికారమూ లేదు.

బంధువుల విషయంలో మొహమాటం వద్దు. భర్త నాయకుడు, భార్య కోశాధికారి, బావమరిది కార్యదర్శి అయితే అది కుటుంబం, బోర్డు కాదు. అమెరికాలో 1979లో ఏర్పడిన ఇవాంజెలికల్ ఆర్థిక జవాబుదారీ మండలి, ఈసీఎఫ్‌ఏ, తన సభ్య సంస్థలకు పెట్టిన నియమం ఇది: బోర్డులో కనీసం 5 మంది ఉండాలి, వారిలో ఎక్కువమంది స్వతంత్రులై ఉండాలి, ఏడాదికి కనీసం 2 సార్లు కూడాలి. ఇది కనీస నియమమే. ఒక సభ్యుడి స్థలాన్ని సంస్థ కొంటుంటే, ఆయన ఆ సంగతి ముందే చెప్పి, చర్చ జరిగేటప్పుడు బయటికి వెళ్లాలి. వెళ్లాడని మినిట్స్‌లో రాయాలి.

అనాథ పిల్లలకని వచ్చిన కానుకతో జీపు కొనకూడదు, తర్వాత సర్దుతామన్నా కూడదు. ప్రార్థనతో సమావేశం మొదలుపెట్టండి, కానీ ఆడిట్ నివేదిక చదవకుండా వచ్చి ప్రార్థన చేసి సంతకం పెట్టడం దేవుని పేరు మీద నిర్లక్ష్యం చేయడమే. ఇది కఠినంగా ఉందని తెలుసు. అయినా చెప్పాలి.

నాయకుణ్ణి కాపాడేది కూడా ఈ ప్రశ్నలే. జీతం ఇంత అని బోర్డు తీర్మానిస్తే, ఆయన ఇల్లు ఎలా గడుస్తోందని ఎవరూ గుసగుసలాడరు. ఏటా కూర్చోబెట్టి పని ఎలా సాగుతోంది, సెలవు తీసుకున్నారా, ఇంట్లో ఎలా ఉన్నారు అని అడిగేవాళ్లు లేక ఎందరో సేవకులు లోలోపల కుంగిపోతారు. పొగిడేవాళ్లు వందమంది ఉంటారు. ఆ మాట అడిగే బాధ్యత ఉన్నది మీకే.

తిరిగి వెళ్లాక ఒక్క పని చేయండి. వచ్చే సమావేశంలో ఒక అరగంట నాయకుడు లేకుండా, బోర్డు సభ్యులు మాత్రమే కూర్చోండి. ఇది ప్రతిసారీ ఉంటుందని ఆయనకు ముందే చెప్పండి, అప్పుడు అనుమానానికి తావుండదు. రేపు ఆయన మంచాన పడితే చెక్కులమీద ఎవరు సంతకం పెడతారు, పిల్లల బాధ్యత ఎవరు తీసుకుంటారు అన్నది ఆ అరగంటలో తేల్చండి. పేర్లు నిర్ణయించి, తీర్మానంగా రాసి, అందరూ సంతకాలు పెట్టండి.