వణికే డీజిల్ బండి: విప్పే ముందు అడగాల్సినవి

అందరికీ నమస్కారం.

పాత డీజిల్ కారు ఉన్నవాళ్లు మెకానిక్ దగ్గరికి వెళ్లి చెప్పే మాట దాదాపు ఒకటే. "బండి వణుకుతోందండీ, పికప్ కూడా లేదు." ఆయన బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ ఇచ్చి, "నాజిళ్లు పోయాయి" అంటాడు, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి. నాజిళ్లు మార్చాక కూడా బండి అలాగే వణుకుతుంటే "అయితే పంపే" అంటాడు. ఈ పద్ధతిలో జబ్బు దొరకదని కాదు. దొరికేసరికి సగం ఇంజన్ కొత్తదైపోయి ఉంటుంది, అంతే. నేనూ ఆ దారిలో నడిచినవాణ్ణే. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదని మీకు తెలుసు. గాలిని గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇంజన్‌ను నడిపి చూపించినప్పుడూ ఇదే సూత్రం, ఇప్పుడూ ఇదే. సరిగ్గా వందేళ్లకు, 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ పద్ధతి కార్లలోకి వచ్చింది, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టంలో గట్టి ఒత్తిడితో డీజిల్ సిద్ధంగా ఉంచే పద్ధతి. దాంతో డీజిల్ చిమ్మే తీరు మారిందే గానీ సూత్రం మారలేదు. కాబట్టి గాలి సరిపడా రావాలి, అది గట్టిగా నొక్కుకోవాలి, డీజిల్ సరైన క్షణంలో సరైన కొలతలో పడాలి. ఆ కొలత ఎంత చిన్నదంటే, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ఒక సిలిండర్‌లో ఒకసారి పడే డీజిల్ ఒక చుక్క కూడా ఉండదు. అందులో కాస్త తేడా వచ్చినా స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలిసిపోతుంది.

అందుకే స్పానర్ పట్టుకునే ముందు కొన్ని ప్రశ్నలు. వణుకు ఎప్పుడు వస్తోంది? పొద్దున్నే చల్లటి ఇంజన్ మీదా, వేడెక్కాకా, ఎత్తు ఎక్కుతున్నప్పుడా? పొద్దున రెండు నిమిషాలు తెల్లటి పొగతో వణికి ఆ తర్వాత సర్దుకుంటే ముందు గ్లో ప్లగ్‌లు చూడండి, అదే, మనవాళ్లు హీటర్ ప్లగ్ అంటారు. వాటిలో ఒకటి పనిచేయకపోయినా ఆ సిలిండర్ వేడెక్కేదాకా సరిగ్గా మండదు. మల్టీమీటర్‌తో పది నిమిషాల పని. చాలామంది బండిని బాగా వేడెక్కించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడికి వెళ్లేసరికి అది బుద్ధిగా నడుస్తుంది. మీరేమో అబద్ధం చెప్పినట్టు నిలబడతారు. రాత్రే వదిలి రండి.

తర్వాత వణుకు లయ వినండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో సిలిండర్ 400 సార్లు మండుతుంది. అంటే సెకనుకు ఆరేడు సార్లు. ఒకే సిలిండర్ మిస్ అవుతుంటే వణుకు ఆ లెక్కలో, కుట్టుమిషన్ కుట్టినట్టు సమంగా వస్తుంది. అలా కాకుండా ఒకసారి బాగుండి, ఒకసారి దిగిపోయి, మళ్లీ లేస్తూ ఊగుతుంటే తప్పు ఒక సిలిండర్‌లో లేదు, అన్నింటికీ డీజిల్ అందించే దారిలో ఉంది. ఇంజన్ చక్కగా మండుతూనే బాడీ మాత్రం అదురుతుంటే ఇంజన్ మౌంటింగ్‌లు చూడండి. రబ్బరు చచ్చిన మౌంటింగ్‌కు నాజిల్ వైద్యం చేసిన బండ్లు నేను చూశాను.

ఇప్పుడు నా సంగతి. నా పాత బండి పొద్దున ఒకసారి స్టార్ట్ అయ్యి, పది సెకన్లలో ఆగిపోయేది. మళ్లీ సెల్ఫ్ కొట్టీ కొట్టీ స్టార్ట్ చేస్తే ఊగుతూ నడిచేది. నాలుగు నాజిళ్లూ విప్పించి బాగు చేయించాను. వారం రోజులు బాగుందనిపించింది. అది నా భ్రమే. చివరికి ఒక పెద్దాయన డీజిల్ ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఉన్న నల్ల పైపు తీసేసి, ఆ స్థానంలో జానెడు పారదర్శకమైన ట్యూబు పెట్టాడు. ఇంజన్ స్టార్ట్ చేసి "చూడు బాబూ" అన్నాడు. ట్యూబులో లేత పసుపు రంగు డీజిల్, దాని మధ్య ఆవగింజలంత బుడగలు వరసగా పోతున్నాయి. రేస్ ఇస్తే బుడగలు కలిసిపోయి పెద్ద ఖాళీలయ్యాయి. ఒక్కో ఖాళీ పంపులోకి దూరినప్పుడు ఇంజన్ దిగేది. ఫిల్టర్ మూత కింద ఎండి గట్టిపడ్డ రబ్బరు రింగు, అంతే దోషం.

అక్కడ చుక్క డీజిల్ కూడా కారలేదు, అందుకే ఎవరికీ కనబడలేదు. చాలా పాత బండ్లలో పంపు ట్యాంకు నుంచి డీజిల్‌ను పీల్చుకుంటుంది. పీల్చే పైపుకు సన్న పగులు ఉంటే బయటికి డీజిల్ రాదు, లోపలికి గాలి వస్తుంది. రాత్రంతా ఆ సందులోంచి గాలి దూరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపులో మిగిలింది మాత్రమే మండి ఇంజన్ ఆగిపోతుంది. నా అనుభవంలో ఊగే పాత డీజిల్ బండ్లకు ఎక్కువసార్లు ఉన్న జబ్బు ఇదే. ట్యాంకులోనే మోటారు పంపు ఉన్న బండ్లలో మాత్రం కథ తిరగబడుతుంది, అక్కడ డీజిల్ బయటికే కారుతుంది. ఫిల్టర్ మార్చిన వెంటనే కొన్ని బుడగలు కనిపించినా కంగారు పడకండి, ఆగకుండా వస్తుంటేనే అనుమానించాలి.

పీల్చుకునే పంపున్న బండికి ఇంకో పరీక్ష ఉంది, నాకు భలే ఇష్టం. శుభ్రమైన డీజిల్ ఉన్న క్యాన్‌ను ఇంజన్ పక్కన కదలకుండా పెట్టి, పంపుకు వచ్చే పైపు, తిరిగి వెళ్లే రిటర్న్ పైపు రెండూ అందులోకే వేయండి. బండి నిలిచిన చోటే నడపాలి సుమా, రోడ్డెక్కకండి. ఇంజన్ నున్నగా నడిస్తే ట్యాంకు, పైపులు, ఫిల్టర్‌లలో ఎక్కడో దోషం. అప్పటికీ ఊగితే పంపు, నాజిళ్ల వైపు వెళ్లండి. ఒక్క క్యాన్‌తో సగం అనుమానాలు తీరిపోతాయి.

వణుకు లేదు, కానీ యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక క్షణం ఆలోచించి కదులుతుంది, నల్లటి పొగ వదులుతుంది. ఇది ఎక్కువగా గాలి జబ్బు. డీజిల్ పడుతోంది, దానికి సరిపడా గాలి లేదు. ఎయిర్ ఫిల్టర్ సరే, అందరూ చూస్తారు. ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు హోస్‌లను కింది వైపు నుంచి చేత్తో తడమండి. నూనె తడి తగిలిన చోట పగులు వెతకండి. ఐడిల్‌లో ఆ పగులు మూసుకునే ఉంటుంది, టర్బో ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరిచి బుస్సుమంటుంది. కాలిన పొగలో కొంత ఇంజన్‌లోకి తిరిగి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే, తాజా గాలి రావాల్సిన చోట కాలిన పొగే తిరిగొస్తుంది. విప్పి చూస్తే లోపల మసీ నూనే కలిసి తారులా పేరుకుని ఉంటుంది. పొగ లేకుండా పికప్ మాత్రమే పోతే గాలిని కొలిచే సెన్సర్‌ను అనుమానించండి. అది గాలి తక్కువని చెప్తే కంప్యూటర్ డీజిల్ తగ్గిస్తుంది. చాలా బండ్లలో ఆ సెన్సర్ కనెక్టర్ పీకి నడిపి చూడొచ్చు. ల్యాంపు వెలుగుతుంది, వెలగనివ్వండి. పికప్ తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ గురించి అడుగుతారని తెలుసు. కోడ్ చదవండి, తప్పకుండా చదవండి. "రైల్ ప్రెషర్ తక్కువ" అని వస్తే అది కంప్యూటర్‌కు కనబడిన లక్షణం. ఫిల్టర్ మూసుకుపోయినా, గాలి దూరినా, నాజిల్ లీకైనా, పంపు అరిగినా అదే కోడ్ వస్తుంది. జ్వరం వచ్చిందని థర్మామీటర్ చెప్తుంది గానీ ఏ జ్వరమో చెప్పదు కదా.

నాజిళ్ల దగ్గరికి వస్తే ఒక హెచ్చరిక. పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంజన్ నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి, ఏది వదులు చేసినప్పుడు చప్పుడు మారదో ఆ సిలిండరే చచ్చిందని తేల్చేవాళ్లు. కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ చుట్టి చేసేవాళ్లు. కామన్ రైల్ బండిలో ఆ పని ఎప్పుడూ చేయకండి. అక్కడ ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. సన్నటి జల్లు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చూడ్డానికి సూది గుచ్చినట్టే ఉంటుంది గానీ వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే గాయం. వాటికి రిటర్న్ పరీక్ష చేయండి. ప్రతి నాజిల్ రిటర్న్ గొట్టానికీ ఒక చిన్న సీసా తగిలించి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడపండి. మూడు సీసాల్లో అడుగున కాస్త, నాలుగోదాంట్లో మెడ దాకా డీజిల్ ఉంటే ఇక వాదన అక్కర్లేదు, ఆ నాజిలే లీకవుతోంది. అప్పుడు ఆ ఒక్క నాజిల్ విప్పండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఒక సిలిండర్ మండకపోతేనే, గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచే కంప్రెషన్ గేజ్ తీయాలి. అది తక్కువ వస్తే వాల్వో, రింగులో. ఇంజన్ విప్పాల్సిందే, అక్కడ నా దగ్గర చిట్కాలేమీ లేవు.

నా బండి రాత్రే తెచ్చి బయట నిలిపాను. పొద్దుటి నుంచి తాళం తిప్పలేదు. ఆ పారదర్శకమైన ట్యూబు ఇంకా దానికే ఉంది. ప్రశ్నలు అక్కడే అడగండి, బానెట్ ఎత్తి మాట్లాడుకుందాం. ఎండ ఎక్కకముందే రండి.