లైబ్రరీ కార్డులో ఒక ట్యూటరు ఉన్నాడు

సభకు నమస్కారం. తెలుగు బడి పిల్లల తల్లిదండ్రులందరికీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు కూడా. నాకు ఇచ్చింది పది నిమిషాలు, అందుకే స్వాగతాలు ఇంతటితో ఆపుతాను.

అమెరికాలో 1987 నుంచి సెప్టెంబరును లైబ్రరీ కార్డు నెలగా జరుపుతున్నారు. మన ఇళ్లలో కార్డు ఉంది, బొమ్మల పుస్తకాలకు వాడుతున్నాం. అదే కార్డుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా ట్యూటరు దొరుకుతాడని చాలామందికి తెలియదు. చాలా ఊళ్ల లైబ్రరీల్లో బ్రెయిన్‌ఫ్యూజ్ గానీ, ట్యూటర్ డాట్ కామ్ గానీ, ఇలా ఆన్‌లైన్‌లో పాఠం చెప్పించే కంపెనీ ఒకటి ఉంటుంది. ఉచితం అంటే ఎవరో పెట్టే దానం అనుకోకండి. మన పన్నుల్లోంచి లైబ్రరీ ముందే కట్టేసింది.

గూగుల్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి నేరుగా వెళ్లకండి, అక్కడ డబ్బు అడుగుతారు. లైబ్రరీ సైట్ తెరిచి, హోంవర్క్ హెల్ప్ లింకు నుంచే లోపలికి వెళ్లండి. కార్డు వెనక బార్‌కోడ్ కింద ఉన్న నంబరు, పిన్ కొట్టాలి. తరగతి, సబ్జెక్టు ఎంచుకుంటే తెల్లబోర్డు, చాట్ పెట్టె వస్తాయి. లాగిన్ కాకపోతే మొదట కార్డు గడువు చూడండి. గడువు తీరిపోయి ఉండటం చాలా మామూలు.

ఇక నా అసలు బాధ చెప్పాలి. పిల్లవాడు మసక ఫోటో ఒకటి పెట్టి, "ఇది చెయ్యండి" అని టైపు చేస్తాడు. ట్యూటరు జవాబు చెప్పడు, చెప్పకూడదు కూడా. "నువ్వు ఎక్కడిదాకా వచ్చావు?" అని అడుగుతాడు. పిల్లవాడు విసుగుతో ఆ చాట్ పెట్టె మూసేస్తాడు. మళ్లీ తెరవడు. నాన్నగారేమో ఇదంతా దండగ అని తేల్చేస్తారు.

36ని 24తో గుణించే లెక్క తీసుకోండి. మనం నేర్చుకున్నది ఒకదాని కింద ఒకటి వేసి, రెండో వరుసలో ఒక స్థానం జరిపే పద్ధతి. ఇక్కడ నాలుగో తరగతి టీచరు ముందు గళ్ల పద్ధతి అడుగుతుంది. 36ని 30, 6గా, 24ని 20, 4గా విడగొట్టి నాలుగు గళ్లు గీస్తారు. 600, 120, 120, 24. కలిపితే 864. మన పద్ధతిలోనూ 864 వస్తుంది, కానీ అడిగింది గళ్లు. అమ్మ ఇటు లాగి, టీచరు అటు లాగితే నలిగేది పిల్లే. అమ్మలూ, అలాంటి రాత్రి మీరు కాస్త పక్కకు జరిగి ఆ పనిని ట్యూటరుకు వదలండి. మీకు రాదని కాదు, అతనికి ఆ గళ్లు రోజూ గీసే అలవాటు ఉంటుంది. పిల్ల మాత్రం ఇలా టైపు చెయ్యాలి: "మొదటి మూడు గళ్లు నింపాను, నాలుగోది తెలియడం లేదు." ఆ ఒక్క వాక్యంతో సెషన్ దారిన పడుతుంది.

వ్యాసాలకు వేరే విభాగం ఉంది. పంపితే చదివి వ్యాఖ్యలు రాసి, చాలాచోట్ల ఒక రోజులో తిరిగిస్తారు. సోమవారం ఇవ్వాల్సింది ఆదివారం రాత్రి పదింటికి పంపితే లాభం లేదు. శుక్రవారమే పంపాలి.

ఇంకొక్క మాట. 2025 మార్చిలో, లైబ్రరీలకు ఫెడరల్ నిధులిచ్చే సంస్థను కుదించమని ఉత్తర్వు వెలువడింది. లూసియానా రాష్ట్రంలో ఇలాగే ట్యూటరునిచ్చే హోంవర్క్ లూసియానా లాంటి సేవలకు ఆ డబ్బే ఆధారం. ట్యూటరు కంపెనీతో ఒప్పందం పొడిగించే ముందు లైబ్రరీ చూసేది ఎన్ని సెషన్లు జరిగాయన్న లెక్క. దయచేసి వాడండి. వాడకం తగ్గితే తీసేస్తారు. ట్యూషన్‌కు డబ్బు పెట్టలేని పక్కింటి పిల్లకు కూడా అప్పుడు పోతుంది.

కార్డు లేనివారు అద్దె అగ్రిమెంటో కరెంటు బిల్లో, ఫోటో ఉన్న గుర్తింపు పత్రం తీసుకుని లైబ్రరీ కౌంటర్‌కు వెళ్లండి. పిల్లల పేరున వేరే కార్డు అడగండి. పిన్‌ను ఫ్రిజ్ మీద రాసి అంటించండి.