స్కీ బూట్లు రెండో జత కొనాలా? బెజవాడ బీరువాలో వాటికేమవుతుందో ముందు తెలుసుకోండి

అందరికీ నమస్కారం అండి. ఏటా చలికాలంలో గుల్మార్గ్‌కో ఔలీకో వెళ్ళి స్కీయింగ్ చేసొచ్చే బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం ఈ వీడియో. సొంత బూట్లు ఒక జత ఉన్నాయి. అక్కడికి వెళ్ళాక ఏదైనా విరిగితే ట్రిప్పంతా పోతుంది కదా, ఇంకో జత ఇంట్లో ఉంచుకోవాలా వద్దా అన్నదే ప్రశ్న.

ఏడాదికి ఒక ట్రిప్పు, వారం పది రోజులు మంచు మీద ఉండేవాళ్ళయితే వద్దండి. డబ్బు సంగతి తర్వాత. అసలు చిక్కు మన ఊరి గాలితో ఉంది.

స్కీ బూట్ పైగట్టి భాగాన్ని షెల్ అంటాం. ఎక్కువ బూట్లలో అది పాలీయూరెథేన్ అనే ప్లాస్టిక్. అందులో ఎస్టర్ రకానికి నీటి ఆవిరి పడదు. గాలిలో తేమ లోపలికి ఇంకి, ఆ ప్లాస్టిక్ అణువుల గొలుసులను ఒక్కొక్క లంకె దగ్గరా తెంపుతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఇది వేగంగా సాగుతుంది. వేడీ తేమా రెండూ కలిస్తే ఎలా ఉంటుందో కృష్ణ ఒడ్డున ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మే నెలలో స్లాబు కింద అటక మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. ఇంకో సంగతి, బూట్ వాడకపోయినా ఇది ఆగదు. కొత్త జత డబ్బా విప్పకుండా పదేళ్ళు దాచినా దాని వయసు పదేళ్ళే. ట్రెక్కింగ్ బూట్లు నాలుగేళ్ళు మూలన పెట్టి తీస్తే అడుగు ఊడి చేతికొస్తుంది చూశారా, అందుకు ఎక్కువసార్లు కారణం ఇదే. ఆ అడుగులో ఉండేది నురుగు పాలీయూరెథేన్ కాబట్టి ఇంకా తొందరగా పోతుంది. స్కీ షెల్ గట్టిది కాబట్టి నిదానంగా పోతుంది. కానీ పోయేటప్పుడు చలిలో, బరువంతా దాని మీద మోపినప్పుడు ముక్కలుగా పగులుతుంది. గుల్మార్గ్ గొండోలా, అంటే కేబుల్ కారు, రెండో దశలో మనల్ని దింపేది దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో. అక్కడ షెల్ పగిలితే కిందికి దిగడమే పెద్ద పరీక్ష.

అంటే బ్యాకప్ అనుకుని దాచినది, అవసరం పడ్డ రోజుకు మొదటి జత కన్నా బలహీనంగా ఉండొచ్చు. అమెరికాలో ఉండే పిల్లలు వాడి, సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ వదిలేసి వెళ్ళిన బూట్లకూ ఇదే వర్తిస్తుంది. వాటిని వాడాలనుకుంటే ముందు వయసు చూడండి. లైనర్, అంటే లోపలి మెత్తటి బూట్, బయటికి తీసి షెల్ లోపల వెతికితే చాలా బూట్లలో గడియారం ముఖంలాంటి గుండ్రటి అచ్చు కనిపిస్తుంది. బాణం గుర్తు నెలను, మధ్యలో అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. పదేళ్ళు దాటితే ఇక ఆలోచన వద్దు. పదేళ్ళ లోపైతే రివెట్ల చుట్టూ, చీలమండ దగ్గర కఫ్, అంటే కాలిని చుట్టే పైభాగం, తిరిగే కీలు చుట్టూ సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ప్లాస్టిక్ జిగటగా తగిలినా, తెల్లటి పొడి రాలినా పక్కన పెట్టేయండి. ఇంట్లో తొడిగి ముందుకు వంగితే బాగానే ఉంది కదా అనుకోవద్దు. 32 డిగ్రీల గదిలో ఈ ప్లాస్టిక్ మెత్తగా ఉంటుంది, మైనస్ పదిలో బిగుసుకుంటుంది. ఇక్కడ చేసిన ఆ పరీక్ష దేనికీ పనికిరాదు.

సామాను బరువు కూడా లెక్క వేసుకోండి. జత బూట్లు సుమారు నాలుగు కిలోలు. గన్నవరంలో ఎక్కి ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో మారి శ్రీనగర్ వెళ్ళే మామూలు టికెట్‌కు చెకిన్ సామాను సాధారణంగా 15 కిలోలు, చేతి సంచి ఏడు. రెండు జతలంటే ఎనిమిది కిలోలు బూట్లకే. మొదటి జతను చేతి సంచిలోనే పెట్టుకోండి. చెకిన్ బ్యాగు ఒక రోజు ఆలస్యమైనా, జాకెట్టూ గ్లవ్సులూ అక్కడ అద్దెకు దొరుకుతాయి గానీ మీ పాదానికి కుదిరిన బూట్ దొరకదు.

మరి విరిగితే? నిజానికి ట్రిప్పులో షెల్ పగలడం అరుదు. ఎక్కువగా పోయేది బూట్‌ను బిగించే బకిళ్ళు. పాదం మీద ఉండే కింది రెండూ రాళ్ళకూ, ఎదుటివాళ్ళ స్కీ అంచులకూ తగిలి విరుగుతుంటాయి. కాబట్టి రెండో జతకు బదులు ఒక చిన్న సంచి సిద్ధం చేసుకోండి. మీ మోడల్‌కే సరిపోయే బకిల్ ఒకటి, అది కొరికి పట్టుకునే పళ్ళ పట్టీ ఒకటి, స్క్రూలు నాలుగు, వాటి నట్లు, 3 నుంచి 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, స్కీలను కట్టే రబ్బరు పట్టీలు రెండు. అంతా కలిపి అరకిలో కూడా ఉండదు. మీ బకిళ్ళు స్క్రూలతో ఉన్నాయో రివెట్లతో ఉన్నాయో ఇంట్లోనే చూసుకోండి. రివెట్ అయితే డ్రిల్లు పెట్టి తియ్యాలి, కొండ మీద అది కుదరదు. బయల్దేరే ముందే స్క్రూలకు మార్పించుకోవడం మేలు. పైన కాలికి చుట్టే వెల్క్రో పట్టీ అరిగిపోయి ఉంటే అదీ మార్చండి.

ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే రెండో లైనర్ జత కొనండి. మా దృష్టిలో నిజమైన బ్యాకప్ ఇదే. ముందు అణిగిపోయేది, చెమటకూ మంచుకూ తడిసేది లైనరే. తడిసిన లైనర్ రాత్రికి రాత్రి పూర్తిగా ఆరదు. బూట్‌తో సహా దాన్ని గదిలో బుఖారీకి, అంటే గదిని వేడి చేసే పొయ్యికి, ఆనించి పెడితే నురుగు కుంచించుకుపోతుంది, షెల్ వంకరపోతుంది. రెండో లైనర్ ఉంటే తడిది బయటికి తీసి బుఖారీకి దూరంగా వేలాడదీసి, పొడిది వేసుకుని వెళ్ళిపోవచ్చు. కొనేటప్పుడు మీ షెల్ సైజు చెప్పండి. స్కీ బూట్ సైజు అంటే సెంటీమీటర్లలో పాదం పొడవు. 26, 26.5 సైజులకు సాధారణంగా షెల్ ఒక్కటే, లైనరో పాదం కింద ఉండే లోపలి అట్టో మాత్రమే మారుతుంది.

షెల్ పోయినా గుల్మార్గ్‌లో, ఔలీలో అద్దె బూట్లు ఉంటాయి. అవి వెడల్పుగా, మెత్తగా ఉంటాయి, పట్టు తక్కువే. అయినా మూడు నాలుగు రోజులకు చాలు. ఆ అద్దె బూట్ మీ పాదానికి అసలు కుదరదంటేనే రెండో జత గురించి ఆలోచించాలి. 23 కన్నా చిన్న సైజు, 30 కన్నా పెద్ద సైజు వాళ్ళు అక్కడ ఇబ్బంది పడొచ్చు. చెప్పుల్లో పెరిగిన పాదాలు కొన్ని వేళ్ళ దగ్గర బాగా విశాలంగా ఉంటాయి, వాళ్ళు షెల్‌ను వేడి చేసి సాగదీయించుకుని ఉంటారు. సీజనంతా అక్కడే ఉండి నేర్పేవాళ్ళు ఇంకొకరు. వీళ్ళకు రెండో జత అవసరమే.

అలా కొంటే సోల్ పొడవు ముఖ్యం. మడమ పక్కన మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది. ఒక జత 305, ఇంకోటి 317 అనుకోండి. బైండింగ్, అంటే బూట్‌ను స్కీకి పట్టి ఉంచే బిగింపు, దాన్ని సరిచేసే పట్టికలో ఈ రెండూ వేర్వేరు గడుల్లో పడతాయి. బైండింగ్‌ను ముందుకో వెనక్కో జరపడమే కాదు, ఎంత బలానికి బూట్‌ను వదిలేయాలో చెప్పే డిన్ అంకె కూడా మళ్ళీ చూసుకోవాలి. చూసుకోకపోతే పడ్డప్పుడు స్కీ ఊడకపోవచ్చు, మోకాలు తిరగొచ్చు. పాత జతను బ్యాకప్‌గా ఉంచితే సోల్ అరుగుదల కొలవండి. మామూలు ఆల్పైన్ సోల్ ముందు అంచు మందం 19 మిల్లీమీటర్లు, మడమ అంచు 30, ఒక మిల్లీమీటరు అటూఇటూ. రోడ్డు మీద నడిచి అరిగినది బైండింగ్‌లో సరిగా కూర్చోదు. ఒకటి గ్రిప్‌వాక్, అంటే నడవడానికి వీలుగా వంపు తిరిగిన సోల్, ఒకటి పాత తరహా సోల్ అయితే మీ బైండింగ్ రెంటినీ తీసుకుంటుందో లేదో ముందే అడగండి.

ఇక దాచడం. ఒక జతైనా రెండైనా పద్ధతి ఒకటే. రాగానే లైనర్, లోపలి అట్ట తీసి ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టండి, ఎండలో వద్దు. షెల్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బకిళ్ళు మొదటి పన్ను మీద వదులుగా పెట్టండి, లేకపోతే షెల్ నోరు తెరుచుకుని ఆకారం పోతుంది. పూర్తిగా ఆరాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో మూసేయండి. తడి ఉండగా మూస్తే బూట్లను తేమలో ఊరబెట్టినట్టే. అటక వద్దు, కారు డిక్కీ అసలే వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు చూసినవాళ్ళకు నేల మీద పెట్టమని చెప్పలేం, కాబట్టి బీరువాలో మధ్య అర. వానలు తగ్గాక, దసరా సెలవుల్లో డబ్బా విప్పి రివెట్లూ సోలూ మళ్ళీ చూడండి. తేడా కనిపిస్తే డిసెంబరు లోపు కొత్త జత తెప్పించుకుని, ఇంట్లో గంటసేపు తొడుక్కుని చూసుకోవడానికి సమయం ఉంటుంది.