టెక్సాస్ వేటకు వెళ్లేముందు: కాగితాలు, కూర్చోవడం, కాల్చకపోవడం
(విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాయంత్రంపూట బెంజి సర్కిల్ దాటి ఇక్కడిదాకా రావడమే పెద్ద పని. వచ్చినందుకు సంతోషం. నాది తెనాలి వైపు పల్లె. చాలా ఏళ్లుగా టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో దగ్గర ఉంటున్నాను. ఈ మధ్య మనవాళ్ల పిల్లలు అక్కడికి చదువుకో ఉద్యోగానికో వచ్చి, కొన్నాళ్లకి ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "అంకుల్, హాగ్ హంటింగ్‌కి పోదామనుకుంటున్నాం, ఏం తెచ్చుకోవాలి?" హాగ్ హంటింగ్ అంటే అడవిపందుల వేట. వాళ్లు అడిగేది బట్టల గురించి, బూట్ల గురించి. నేను చెప్పేది వేరే ఉంటుంది. అదే ఇక్కడ అందరి ముందూ చెబుదామని వచ్చాను. ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్లు కూడా వినాలి. పిల్లల్ని చూడ్డానికి వెళ్లినప్పుడు మీ చేతికీ ఎవరో ఒకరు రైఫిల్ ఇచ్చి "ఫొటో దిగండి నాన్నా" అంటారు.

ముందు మన ఊరి సంగతి తేల్చుకుందాం. ఇక్కడ వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదాకి దుప్పిని కొట్టినా, కణితిని కొట్టినా జైలే. కృష్ణజింక అయితే మన రాష్ట్ర జంతువు కూడా. పల్నాడు వైపు మొక్కజొన్న, వేరుశనగ వేసిన రైతులు కొందరు ఈ హాల్లో ఉన్నారని తెలుసు. పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే చేను ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా దానికి దారి అటవీ శాఖ అనుమతి ఒక్కటే. కంచెకి కరెంటు పెట్టడం, నాటుబాంబు పెట్టడం వద్దు. ఆ తీగ మీద పందే పడుతుందని గ్యారంటీ లేదు. పక్క చేను మనిషి పడతాడు, గేదె పడుతుంది, చిరుత పడుతుంది. ఇక నల్లమలలో వేటకి తీసుకెళ్తానని ఎవరైనా అంటే, ఆ దారి చివర ఉండేది పోలీస్ స్టేషనే.

టెక్సాస్ కథ పూర్తిగా వేరు. అక్కడ భూమిలో దాదాపు 95 శాతం ప్రైవేటు వాళ్లది. పందులు ఆ నేలవి కావు. స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు తప్పించుకుని అడవి పాలయ్యాయి. తర్వాత వేట కోసమని యూరప్ అడవిపందుల్ని తెచ్చి వదిలారు. రెండూ కలిసిపోయి ఇప్పుడు 20 లక్షలకు పైనే ఉంటాయని అంచనా. పొలాలు తవ్వేస్తాయి, వాగులు పాడుచేస్తాయి. అందుకని ప్రభుత్వమే చంపండి అంటుంది. భూమి ఉన్నవాళ్లు వేటగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, గైడ్‌ని ఇచ్చి, వాళ్ల రాంచ్‌లోకి, అంటే పశువులు మేపే పెద్ద భూముల్లోకి, రానిస్తారు. ఇంకో విచిత్రం చెబుతాను. మన చుక్కల దుప్పి, మన కృష్ణజింక కూడా అక్కడ ఉన్నాయి. 1930ల్లో ఇక్కడి జాతుల్ని తీసుకుపోయి టెక్సాస్ కొండ ప్రాంతంలో వదిలారు. ఇక్కడ ముట్టుకుంటే కేసు, అక్కడ ఏడాది పొడుగునా వేట. వాటికి సీజన్ లేదు, లెక్క లేదు. అక్కడ పుట్టిన తెల్లతోక జింకకి మాత్రం సీజన్ ఉంది, కొట్టాక దానికి కట్టాల్సిన ట్యాగ్ ఉంది, కౌంటీకో (మన జిల్లా లాంటిది) రూలు ఉంది. మామూలు రైఫిల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే కొట్టాలి. పందిని మాత్రం ప్రైవేటు భూమిలో రాత్రిపూట కూడా కొట్టొచ్చు. అందుకే చీకట్లో ఒంటి వేడిని చూపించే థర్మల్ స్కోపులు పెట్టి రాత్రి వేట నడుపుతారు.

ఇప్పుడు అసలు విషయం. వీసా మీద ఉన్న పిల్లలు దీన్ని జాగ్రత్తగా వినాలి.

2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ఒక వెసులుబాటు వచ్చింది. ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందిని కొట్టడానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. గైడ్ ఇదే చెబుతాడు. ఆయన చెప్పింది రాష్ట్ర చట్టం ప్రకారం నిజమే. కానీ పైన ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. ఎఫ్-1 (చదువు), హెచ్-1బి (ఉద్యోగం), బి-2 (చూడ్డానికి వెళ్లేవాళ్లది) లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఇందులో కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఒకటే, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అంటే పంది కోసం టెక్సాస్‌కి మీ లైసెన్స్ అక్కర్లేదు. రైఫిల్ మీ చేతిలోకి రావడానికి మాత్రం అది కావాలి. గైడ్ అమెరికా పౌరుడు. ఈ చట్టంతో ఆయనకి ఎప్పుడూ పని పడలేదు, కాబట్టి ఆయన మీకు గుర్తు చెయ్యడు.

"నేను కొనట్లేదు కదా, వాళ్లదే ఇస్తున్నారు కదా" అంటారు. చట్టం కొనడం గురించే కాదు, దగ్గర ఉంచుకోవడం గురించి. షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీ కాల్చి, ఆ ఫొటో ఇన్‌స్టాలో పెట్టే పిల్లలకీ ఇది వర్తిస్తుంది. ఈ సెక్షన్ కింద గరిష్ట శిక్ష 15 ఏళ్లు. ఆ తర్వాత వీసా గతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఇంకోటి. స్టేటస్ పోయి, అంటే అక్కడ ఉండే చట్టబద్ధమైన హక్కు పోయి, ఉంటున్నవాళ్లని ఈ లైసెన్స్ కాపాడదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. మీ పరిస్థితిలో ఏ మెలిక ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. నా మాట మీద వదిలెయ్యకండి, మీ రూమ్మేట్ మాట మీద అసలే వద్దు.

లైసెన్స్ తీసుకోవడం కష్టమేం కాదు. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలు ఉంటే స్థానికుల ధరకే వస్తుంది, అది 25 డాలర్ల లైసెన్స్. బయటివాళ్లకి జింకతో కలిపి 315 డాలర్లది ఉంది. అయిదు రోజులకి ఇచ్చే చవక లైసెన్స్ కూడా ఉంది గానీ దాని మీద తెల్లతోక జింకని కొట్టకూడదు. ధరలు మారుతుంటాయి, కొనేరోజు చూసుకోండి. లైసెన్స్ సంవత్సరం ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో కొని అక్టోబర్‌లో వేటకి పోతే చేతిలో ఉన్నది ఉత్త కాగితమే. 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. ఇక్కడున్న పెద్దవాళ్లలో కొందరు పుట్టిన తేదీ పుణ్యాన తప్పించుకుంటారు. అయినా చెయ్యమంటాను. తుపాకీ ఎప్పుడూ పట్టని మనిషికి అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు మనవాళ్లు రేటు ఒక్కటే అడుగుతారు. అడగాల్సింది ఇంకోటి ఉంది. గాయపడి దొరక్కుండా పోయిన జంతువుకి డబ్బు కట్టాలా? చాలాచోట్ల కట్టాలి. నెత్తురు చుక్క కనిపిస్తే అది మీ జంతువే, మీ వేట అయిపోయినట్టే. జింక అయితే కొమ్ముల సైజుని బట్టి రేటు పెరుగుతుంది, చుక్కల దుప్పి పోతుకి వేరే రేటు ఉంటుంది. ఎంత సైజు దాటితే ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. కొట్టాక వాదించి లాభం లేదు. ఎత్తు కంచె లోపల పెంచిన జంతువులా, స్వేచ్ఛగా తిరిగేవా అన్నది కూడా అడగండి. నా మటుకు నాకు కంచె లోపలి వేట రుచించదు. అది నా అభిప్రాయం, చట్టం ఒప్పుకుంటుంది. అడ్వాన్స్ వెనక్కి ఇస్తారా, రైఫిల్ వాళ్లు ఇస్తారా, మాంసం కోసి ప్యాక్ చెయ్యడం ఎవరి ఖర్చు, ఇవి ఫోన్‌లోనే తేలిపోతాయి. గైడ్‌కి చివర్లో టిప్ ఇవ్వడం అక్కడి మర్యాద. దాన్ని బడ్జెట్‌లో ముందే వేసుకోండి.

ప్రాక్టీసు సంగతి. రేంజ్‌లో బల్ల మీద ఇసుక సంచి పెట్టి కాలిస్తే అందరూ మొనగాళ్లే. వేటలో బల్ల ఉండదు. నేల మీద కూర్చుని, మోకాలు ఆనించి, మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి కాల్చడం అలవాటు చేసుకోవాలి. పంది మీద కొట్టే దెబ్బలు ఎక్కువగా వంద గజాల లోపువే. కాబట్టి దూరం గురించి టెన్షన్ పడకండి, స్థిరత్వం గురించి పడండి. కొత్తవాళ్లకి 243 అనే తూటా సైజుది లాంటి, కాల్చినప్పుడు వెనక్కి తక్కువగా తన్నే రైఫిల్ నయం. భుజానికి దెబ్బ తగులుతుందని భయపడే మనిషి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటాడు. చెవులకి రక్షణ తప్పనిసరి. ఒక్క రైఫిల్ శబ్దం చాలు, చెవిలో గుయ్యి శాశ్వతంగా మిగిలిపోవడానికి. జాగ్రత్తలు మీకు తెలిసినవే. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి, గొట్టం మనిషి వైపు తిరగకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. నాలుగోదే జనం మర్చిపోతారు. జంతువు వెనక ఏముందో చూడాలి. రైఫిల్ తూటా పందిలోంచి దూసుకుపోయి దాని వెనక ఉన్న ఇంకో పందికో, రోడ్డు మీది కారుకో తగలొచ్చు.

బట్టల గురించి అడుగుతారు కదా, చెబుతాను. పందికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం మహా గట్టిది. మీరు వేసుకున్న ఆకుల డిజైన్ చొక్కా దానికి పట్టదు. తలకి రాసుకున్న కొబ్బరినూనె, నుదుటికి రాసుకున్న అమృతాంజనం, పొద్దున్నే దేవుడికి వెలిగించిన అగరొత్తి వాసన దానికి అర కిలోమీటరు దూరం నుంచే తెలుస్తాయి. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే ఆ పూట వేట లేనట్టే. దేవుడికి దణ్ణం పెట్టుకోండి, అగరొత్తి మాత్రం తిరిగొచ్చాక వెలిగించండి. కాళ్లకి మందపాటి, ఎత్తు బూట్లు కావాలి. అక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, ముల్లు కూడా అలాంటిదే. నాగజెముడు అడుగడుక్కీ ఉంటుంది. రాటిల్ పాములున్నాయి, పిడుదులున్నాయి. రాత్రి స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా చూసుకోండి.

మిమ్మల్ని కూర్చోబెట్టే డీర్ బ్లైండ్ మన చేలో మంచెకి నాలుగు గోడలు కట్టినట్టు ఉంటుంది. ఎదురుగా మొక్కజొన్న గింజలు చల్లే యంత్రం, దానికో టైమర్. పొద్దున, సాయంత్రం అది గింజలు చిమ్ముతుంది. ఆ టైంకి ముందే చేరి, కదలకుండా, మాట్లాడకుండా గంటల తరబడి కూర్చోవాలి. మనవాళ్లకి అన్నిటికంటే కష్టమైన పరీక్ష ఇదే. ఫోన్ సైలెంట్‌లో పెట్టినా స్క్రీన్ వెలుగు మొహం మీద పడుతుంది. సంచిలో అమ్మ పెట్టిన జంతికలుంటాయి, అవి కొరికితే వచ్చే చప్పుడు మీకే తెలుసు. అరటిపండు, వేయించని జీడిపప్పు చాలు. వెళ్లేముందు ఇంట్లో ఒక కుర్చీలో గంటసేపు ఫోన్ లేకుండా కూర్చుని చూడండి. కుదరకపోతే బుకింగ్ వాయిదా వేసుకోమంటాను, ఇందులో జోకేమీ లేదు.

జంతువు వచ్చింది. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఇది అందరికీ జరుగుతుంది. ఊపిరి వదిలి, సగం ఊపిరితో ఆగి, అప్పుడు నొక్కాలి. జింకకైతే పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి జబ్బ వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడోవంతు పైకి. పందికి గుండె, ఊపిరితిత్తులు ఇంకా కిందికి, ఇంకా ముందుకి ఉంటాయి. జింకని కొట్టే చోటే కొడితే తూటా వెనక్కి పడి పొట్టలో తగులుతుంది. ముసలి పోతుకి భుజం మీద గట్టి పొర కూడా ఉంటుంది. పంది ఎదురుగా నిలబడ్డా, వెనక పిల్లలున్నా, గడ్డిలో సగమే కనిపిస్తున్నా కొట్టకండి. గైడ్ "కొట్టు" అన్నా మీకు సరిగ్గా కుదరకపోతే "లేదు" అనండి. డబ్బు కట్టాం కదా అని తొందరపడే మనిషి వల్లే గాయపడిన జంతువులు ఎక్కువ. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వేటని నేను చెడ్డ వేటగా లెక్కపెట్టను. ఈ మాట మా గుంటూరు మిత్రులకి నచ్చదు, వాళ్లకి ఇగురు కావాలి.

కొట్టాక పరిగెత్తకండి. జంతువు ఎక్కడ నిలబడిందో గుర్తు పెట్టుకుని అరగంట ఆగండి. నురగతో లేత ఎర్ర నెత్తురు కనిపిస్తే ఊపిరితిత్తుల దెబ్బ, దగ్గర్లోనే పడుంటుంది. నల్లగా, చిక్కగా ఉంటే కాలేయం. పేగు వాసన వస్తే గంటల తరబడి ఆగాల్సిందే. వెంటపడి తరిమితే ఇక దొరకదు. పంది కొవ్వు గాయాన్ని మూసేస్తుంది, నెత్తురు జాడ తక్కువగా ఉంటుంది. రాత్రివేళ పొదల్లోకి గాయపడ్డ పంది వెనక ఒంటరిగా పోవద్దు, గైడ్‌ని ముందు నడవనివ్వండి.

కోసేటప్పుడు చేతులకి గ్లౌజులు వేసుకోండి. అడవిపందులకి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఉంటుంది. వేలి మీద చిన్న కోత ఉన్నా అది మనిషికి అంటుకుంటుంది, నెలల తరబడి జ్వరం పీడిస్తుంది. మాంసం లోపల వేడి 71 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వండాలి. మనం ఎలాగూ ఉడికించి ఉడికించి తింటాం కాబట్టి ఆ భయం తక్కువే, గ్రిల్ మీద పెట్టేవాళ్లకే ప్రమాదం. జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు 2012లో టెక్సాస్‌లో బయటపడింది. ఆ జబ్బు ఉన్న ప్రాంతంలో వేటాడితే తల పరీక్షకి ఇచ్చి, రిపోర్టు వచ్చాకే తినండి.

ఆఖరిది సూట్‌కేసు. దుప్పి కొమ్ములు, తోలు, ఎండబెట్టిన మాంసం సర్దుకుని గన్నవరంలో దిగకండి. అక్కడ బిల్లు ఉన్న వస్తువు ఇక్కడ కేసు అవుతుంది. దానికంటే ముఖ్యం, వేటకి వేసుకున్న జాకెట్ జేబులు, బ్యాగు అర్రలు అన్నీ తిరగేసి చూసుకోండి. మర్చిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, ఫ్లయిట్ వెళ్లిపోతుంది, లాయర్ ఖర్చు వేటకి కట్టిన దానికంటే ఎక్కువవుతుంది. ఆ జాకెట్‌ని ఇండియా ప్రయాణానికి అసలు వాడకపోవడమే మంచిది.

ఇక ప్రశ్నలు అడగండి. వీసా గురించి అడిగేవాళ్లు ముందు అడగండి, రైఫిళ్ల గురించి తర్వాత మాట్లాడుకుందాం. వెనక వరసలో చెయ్యెత్తారు, చెప్పమ్మా.