ఒళ్లు వెచ్చగా ఉంటే పోయాడని ఎలా అంటారు?

సర్పంచులకు, ఆశా కార్యకర్తలకు, ఊరి పెద్దలకు నమస్కారం.

బ్రెయిన్ డెడ్ గురించి, అవయవదానం గురించి మాట్లాడటానికి మిమ్మల్నే పిలవాలని నేను పట్టుబట్టాను. వరంగల్, హనుమకొండ ఆస్పత్రుల్లో ఐసీయూ బయట కూలబడిన కుటుంబం ‘ఏం చేద్దాం’ అని చూసేది మీ ముఖాల వైపే. డాక్టరుగా నేను గంటసేపు చెప్పినా, మీరు తల అడ్డంగా ఊపితే అంతటితో సరి.

హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్లి పడిపోయిన కొడుకు ఛాతీ మీద చెయ్యి వేసి ఒక తల్లి అడిగింది: “ఒళ్లు వెచ్చగా ఉంది, ఊపిరి ఆడుతోంది. పోయాడని ఎలా అంటారు సారూ?” ఇంతకంటే న్యాయమైన ప్రశ్న లేదు. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది.

గుండె కొట్టుకోవడానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. దాని కుడి పైగదిలోని చిన్న కణాల గుంపే విద్యుత్తు పుట్టిస్తుంది. ఆక్సిజన్ అందినంతసేపు అది ఆడుతుంది. ఊపిరి అలా కాదు, మెదడు కాండం, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం, చెబితేనే ఆడుతుంది. ఆ కాండం చచ్చిపోయాక ఛాతీని లేపుతున్నది వెంటిలేటరే. కోమా వేరు. కోమాలో ఉన్నవాళ్లు కోలుకోవచ్చు. మెదడు కాండం ఇలా చచ్చిపోవడాన్నే బ్రెయిన్ డెడ్ అంటాం, అది మరణమే.

దీన్ని ఒక్క డాక్టరు తేల్చడు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యులు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అవయవం మార్చే బృందంలోని వారెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. అసలైన పరీక్షలో వెంటిలేటర్ తీసి, గొట్టం ద్వారా ఆక్సిజన్ మాత్రం వదులుతాం. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మెదడు కాండంలో ప్రాణముంటే దాన్ని ఓర్చుకోలేదు, ఒక్క ఊపిరైనా తీయిస్తుంది. నిమిషాలు గడుస్తాయి. ఛాతీ కదలదు. కుటుంబంలో ధైర్యమున్న ఒకరిని ఆ సమయంలో పక్కన నిలబెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. కళ్లారా చూసినది వేయి మాటల పెట్టు.

మరణవార్త చెప్పిన నోటితోనే దానం అడగడం తప్పు. ఏడవనివ్వాలి. అయితే కాలం కూడా ఆగదు: బయటికి తీసిన గుండె నాలుగు గంటలకు మించి ఆగడం కష్టం, మూత్రపిండాలు ఒక రోజు దాకా ఆగుతాయి. ఇక్కడి నుంచి హైదరాబాద్ దాదాపు నూట నలభై ఐదు కిలోమీటర్లు. అందుకే పోలీసులు దారి ఖాళీ చేయిస్తారు. ఏ అవయవం ఎవరికన్నది 2013లో మొదలైన ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితా చూసి తేలుస్తారు. దాత కుటుంబం దానానికి సంబంధించిన ఖర్చు భరించనక్కర్లేదు. శరీరాన్ని కుట్లు వేసి అప్పగిస్తారు, చివరి చూపుకు ఏ లోటూ ఉండదు.

ఇంట్లోనే పోయినవారి విషయంలో ఈ అవయవాలు ఇవ్వడం కుదరదు, కానీ కళ్లు ఇవ్వవచ్చు. ఆరు గంటల్లోపు కంటి బ్యాంకుకు ఫోను చేయండి. వాళ్లు వచ్చేదాకా రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచి, ఫ్యాను ఆపేయండి.