తరగతి గదిలో మ్యాజిక్ సాధన: తోటి విద్యార్థుల ముందు తొలి ప్రదర్శనలు

నమస్కారం. ఇంట్లో అద్దం ముందు నేర్చుకున్న మ్యాజిక్‌ను బడిలో మీ తోటి విద్యార్థులకు చూపిస్తూ ఎలా మెరుగుపరుచుకోవాలో ఈ వీడియోలో చెబుతాను. నేను హైదరాబాద్‌లో పిల్లలకు మ్యాజిక్ నేర్పుతుంటాను. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు: అద్దం ముందు చక్కగా కదిలే చేతులు, ఎదురుగా ఒక మనిషి కూర్చోగానే బిగుసుకుపోతాయి. అద్దంలో చూస్తున్నవి రహస్యం తెలిసిన మన కళ్ళే. అద్దం పక్కకు వచ్చి తొంగి చూడదు, చెయ్యి పట్టుకోదు, మధ్యలో ప్రశ్న వెయ్యదు. మీ క్లాస్‌మేట్లు ఇవన్నీ చేస్తారు, అదీ ఏ మొహమాటం లేకుండా చేస్తారు కాబట్టి, సాధనకు వాళ్ళకంటే మంచి ప్రేక్షకులు దొరకరని నా గట్టి నమ్మకం.

మనకు ఒక నాణెం, ఒక రబ్బరు బ్యాండు, ఒక తెల్ల కాగితం, ఒక చిన్న నోటుపుస్తకం చాలు. పేకముక్కలను కావాలనే పక్కన పెట్టాను. మన ఇళ్ళలో పేక అనగానే జూదమే గుర్తుకు వస్తుంది, చాలా బడుల్లో వాటిని బ్యాగులో ఉంచుకోవడానికి కూడా ఒప్పుకోరు. నిప్పు, బ్లేడు, సూది ఉన్న ఏ ట్రిక్కునూ బడిలో చెయ్యకండి.

ముందుగా నాణెం మాయం చెయ్యడం నేర్చుకుందాం. దీనిని మెజీషియన్లు ఫ్రెంచ్ డ్రాప్ అంటారు. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, పైగా దానిలో రెండు రంగుల లోహాలు ఉంటాయి కాబట్టి దూరానికి కూడా బాగా కనిపిస్తుంది. మీ అరచెయ్యి చిన్నదైతే రూపాయి నాణెంతో మొదలుపెట్టండి. ఇప్పుడు నా చేతులను దగ్గరగా చూడండి. ఎడమ అరచేతిని పైకి తిప్పి, వేళ్ళ కొనలు కుడివైపు చూసేలా ఉంచి, నాణెం అంచులను బొటనవేలికీ చూపుడు, మధ్య వేళ్ళ కొనలకూ మధ్య పట్టుకున్నాను. కుడిచెయ్యి వచ్చి, దాని బొటనవేలు నాణెం కిందికీ, మిగిలిన వేళ్ళు నాణెం ముందుకూ వెళ్ళి, నాణేన్ని నిజంగా తీసుకుంటుంది. అవును, మొదట నిజంగానే తీసుకోండి. నాణెం చేతిలోకి వచ్చినప్పుడు పిడికిలి ఎంత బిగుసుకుంటుందో, మణికట్టు ఎటు తిరుగుతుందో, మీ చూపు ఎటు వెళుతుందో గమనిస్తూ ఆ పనిని చాలాసార్లు చెయ్యండి. ఎందుకంటే తరువాత మనం నటించవలసింది సరిగ్గా ఈ కదలికనే.

ఇక రహస్యం. కుడిచేతి వేళ్ళు నాణేన్ని కప్పిన క్షణంలో ఎడమ బొటనవేలి పట్టును కొద్దిగా సడలించండి. నాణెం జారి ఎడమచేతి వేళ్ళ మొదళ్ళలో పడుతుంది. కుడిచెయ్యి ఖాళీగానే మూసుకుని, నాణేన్ని పట్టుకుని పోతున్నట్టుగా కుడివైపుకు, కొంచెం పైకి కదులుతుంది. మీ కళ్ళు దాని వెంటే వెళ్ళాలి. ప్రేక్షకులు మెజీషియన్ చూసే చోటికే చూస్తారు, కాబట్టి మీరు ఎడమచేతి వైపు ఒక్కసారి చూసినా ట్రిక్కు అక్కడే అయిపోతుంది. చాలామంది చేసే మరో తప్పు, నాణెం పడగానే ఎడమచేతిని గబుక్కున వెనక్కి లాక్కోవడం. అది ఉన్నచోటే ఒక క్షణం నిలిచి, ఆ తరువాత తీరిగ్గా కిందికి దిగాలి, దాని వేళ్ళు బిగుసుకోకుండా సహజంగా వంగి ఉండాలి.

ఈ ట్రిక్కును మొదట ఒక్కరికే చూపించండి. లంచ్ బెల్ తరువాత, భోజనం ముగించి ఎదురుగా కూర్చున్న ఒక స్నేహితుడిని ఎంచుకోండి. గుంపుగా నిలబడినవాళ్ళు ఒకరిని చూసి ఒకరు అరుస్తారు, నవ్వుతారు, అందులో ఎవరికి ఏం కనిపించిందో మీకు తెలియదు. ఒక్కడే ఉంటే అతని కళ్ళు ఏ క్షణంలో నాణెం మీది నుంచి కదిలాయో, ఎక్కడ అనుమానంతో ఆగాయో మీకు స్పష్టంగా తెలుస్తుంది. అతను ఎడమచేతి వైపు చూస్తే, అతని పేరు పిలిచి ఒక ప్రశ్న అడగండి: "శ్రీనూ, నాణెం మీద ఏముందో చూశావా?" అడగగానే ఎవరైనా తలెత్తి మన ముఖం చూస్తారు. ఆ అర క్షణం చాలు. అయితే ఆ ప్రశ్న ముందుగా అనుకున్నదిలా వినిపించకూడదు, నిజంగా జవాబు కోసమే అడిగినట్టు ఉండాలి.

ఒకరి ముందు కుదిరిన తరువాత మీ బెంచీ వాళ్ళ ముందు చెయ్యండి. ఇక్కడ అద్దం ఎన్నడూ చెప్పని విషయం ఒకటి బయటపడుతుంది. కెమెరాను నా కుడి భుజం వైపుకు జరుపుతున్నాను, చూడండి. ముందు నుంచి పూర్తిగా మూసుకున్నట్టు కనిపించిన ఎడమ అరచెయ్యి ఇక్కడి నుంచి తెరిచిన తలుపే. వేళ్ళ మొదళ్ళలో నాణెం మెరుస్తూ కనిపిస్తోంది కదా. మీ కుడిపక్క కూర్చున్నవాడికీ, వెనక బెంచీ మీద మోకాళ్ళపై నిలబడి మీ తల మీదుగా వంగి చూసేవాడికీ సరిగ్గా ఇదే కనిపిస్తుంది. తరగతి గదిలో జనం ఎప్పుడూ చుట్టూ మూగుతారు, మీరు వాళ్ళను కుర్చీల వరుసల్లో కూర్చోబెట్టలేరు. పి.సి. సర్కార్ వంటి మహా ఇంద్రజాలికుల వేదికకు దీపాలు, తెరలు, మొదటి వరుస వరకు దూరం ఉండేవి. మీకు ఉన్నవల్లా గోడలే, వాటినే వాడుకోండి. వీపు ఒక గోడకు, కుడి భుజం మరో గోడకు దగ్గరగా ఉండే మూలను చూసుకుని నిలబడితే వెనకా కుడిపక్కా ఎవరూ చేరలేరు. అందరూ ఎదురుగానో ఎడమపక్కనో ఉంటారు. కూర్చుని కాకుండా నిలబడే చెయ్యండి, చేతులను ఛాతీ ఎత్తులో ఉంచండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ఘట్టానికి వద్దాం. కుడి పిడికిలి తెరిచి, నాణెం మాయమైందని చూపించగానే ఎవరో ఒకరు తప్పకుండా, "ఏయ్, ఆ చెయ్యి తెరువ్ రా!" అంటారు. దానికి కోపం తెచ్చుకోవడమో, చేతిని వెనక్కి దాచుకోవడమో చేస్తే మీరే రహస్యం చెప్పినట్టు అవుతుంది. వాళ్ళు అడిగేసరికే ఎడమచెయ్యి ఖాళీగా ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. కుడిచేతిలో నాణెం ఉందని అందరూ నమ్ముతున్న సమయంలోనే, మంత్రదండంగా వాడుకోవడానికి పెన్ను తీస్తున్నట్టుగా ఎడమచేతిని జేబులోకి పోనిచ్చి, నాణేన్ని అక్కడ వదిలి, పెన్నుతో బయటకు రండి. ఆ పెన్నుతో కుడి పిడికిలిని తట్టి, ఒక్కొక్క వేలే తెరవండి. ఇక ఏ చెయ్యి తెరవమన్నా సంతోషంగా తెరవవచ్చు. మీ యూనిఫాంకు జేబు లేకపోతే పెన్నులు పెట్టుకునే గుడ్డ పౌచ్ వాడండి. రేకు జామెట్రీ బాక్స్ వాడితే నాణెం పడగానే టంగుమని మోగుతుంది, అందరి తలలూ అటే తిరుగుతాయి. అదే వాడక తప్పకపోతే అడుగున చేతిరుమాలును మడిచి పరవండి.

తరువాత వచ్చే మాట, "ఇంకోసారి చెయ్యి." ఒకే మనుషులకు ఒకే ట్రిక్కును అదే రోజు రెండోసారి చూపించకండి. మొదటిసారి ఏం జరగబోతోందో తెలియక నాణేన్ని చూసినవాళ్ళు, రెండోసారి ముగింపు తెలుసు కాబట్టి మీ చేతులనే చూస్తారు. అయితే అడిగినవాళ్ళను నిరాశపరచడం కూడా బాగుండదు, అందుకే రబ్బరు బ్యాండును సిద్ధంగా ఉంచుకోండి. బ్యాండును చూపుడు, మధ్య వేళ్ళ మొదళ్ళకు తొడిగి, చేతి వెనక భాగాన్ని ప్రేక్షకులకు చూపండి. మీ వైపు ఉన్న బ్యాండును రెండో చేతితో సాగదీసి, నాలుగు వేళ్ళనూ ముడిచి, నాలుగింటి కొనలనూ దానిలోకి దూర్చండి. బయటి నుంచి చూసేవాళ్ళకు బ్యాండు ఇంకా మొదటి రెండు వేళ్ళ మీదే ఉన్నట్టు ఉంటుంది. వేళ్ళు చాచగానే అది ఎగిరి ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ వెళుతుంది. ఇది పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

మాటల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ట్రిక్కుతో పాటు చెప్పే మాటలను ప్యాటర్ అంటారు. హైదరాబాద్ తరగతి గదిలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు అన్నీ ఒకే బెంచీ మీద వినిపిస్తాయి. వీడియోల్లో విన్న ఇంగ్లీషు ప్యాటర్‌ను బట్టీపట్టి ఒప్పజెప్పే పిల్లల గొంతు వెంటనే మారిపోతుంది, ఆ మార్పును క్లాస్‌మేట్లు మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. మీ స్నేహితులతో రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. పక్క బెంచీ అబ్బాయితో "దేఖో భాయ్, జర గౌర్‌సే దేఖో" అనడం మీకు అలవాటైతే అదే మంచి ప్యాటర్. ముందుగా మూడు నాలుగు వాక్యాలు రాసుకుని, అవి నోటికి వచ్చాక కాగితాన్ని చూడడం మానెయ్యండి.

కొన్ని హద్దులు ఉన్నాయి. పందెం కట్టి ట్రిక్కు చెయ్యకండి, ఒకరి నాణెం తీసుకుంటే తిరిగి ఇచ్చెయ్యండి, ఎవరినీ వెర్రివాడిగా నిలబెట్టి మిగిలినవాళ్ళను నవ్వించకండి. ముఖ్యంగా, చిన్న తరగతుల పిల్లల ముందు మీకేదో మంత్రశక్తి ఉందని ఎన్నడూ చెప్పకండి. మన హైదరాబాద్‌లోనే జీవించి 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా పేరు తెచ్చుకుని కూడా మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మాట్లాడారు. రహస్యాన్ని దాచుకోవడం వేరు, లేని శక్తి ఉందని నమ్మించడం వేరు. "ఇది చేతి నైపుణ్యం, సాధన చేస్తే వస్తుంది" అని చెప్పినంత మాత్రాన చూసేవాళ్ళ ఆశ్చర్యం తగ్గదు. ఎలా చేశావని ఊరికే అడిగేవాళ్ళకు చెప్పనవసరం లేదు, నిజంగా నేర్చుకోవాలని రోజూ వచ్చి అడిగేవాడికి మాత్రం నేర్పండి. అతను రేపు మీ కుడిపక్క నిలబడి లోపాలు చెప్పే తోడవుతాడు.

ప్రదర్శన ముగిసిన రోజే నోటుపుస్తకంలో రాసుకోండి: ఎవరికి చూపించారు, వాళ్ళు ఎటువైపు నిలబడ్డారు, ఎవరు ఏ క్షణంలో ఏం అన్నారు. "బాగా వచ్చింది" అని రాస్తే ఉపయోగం లేదు. "నాణెం తీసుకోగానే రవి ఎడమచేతిని చూశాడు" అని రాస్తే మర్నాడు ఏం సరిదిద్దాలో తెలుస్తుంది. పట్టుబడిన రోజున రాసిన పేజీలే ఎక్కువగా పనికొస్తాయి.

చివరిగా, తరగతి మొత్తానికి చూపించడం. నాణెం చివరి బెంచీకి సరిగా కనిపించదు కాబట్టి ఇక్కడ అంకెలు వాడుకుందాం. లీజర్ పీరియడ్‌లో క్లాస్ టీచర్ అనుమతి తీసుకోండి. ముందుగా, 108 పేజీలు దాటిన మీ పాఠ్యపుస్తకం ఒకటి తీసి, 108వ పేజీలో 9వ పదం ఏదో చూసి, దానిని తెల్ల కాగితం మీద రాసి, మడిచి క్లాస్ లీడర్ చేతికి ఇవ్వండి. తరువాత ఎవరినైనా బోర్డు దగ్గరకు పిలిచి మూడంకెల సంఖ్య రాయమనండి, మొదటి అంకెకూ చివరి అంకెకూ కనీసం రెండు తేడా ఉండాలని చెప్పండి. అతను 732 రాశాడనుకుందాం. తిరగేస్తే 237. పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీసివేస్తే 495. దాన్ని తిరగేస్తే 594. రెండూ కూడితే 1089. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఇదే వస్తుంది. ఎందుకంటే తీసివేతలో వచ్చేది ఎప్పుడూ 99 గుణిజమే: 198, 297, 396, 495, ఇలా 891 వరకు. వీటన్నిటిలో మధ్య అంకె 9, దానికి రెండు పక్కలా ఉన్న అంకెల మొత్తం కూడా 9. కాబట్టి తిరగేసి కూడితే వందల స్థానంలో 900, పదుల స్థానంలో 180, ఒకట్ల స్థానంలో 9 చేరి 1089 అవుతుంది. తేడా ఒకటే అయితే తీసివేతలో 99 మాత్రమే మిగిలి లెక్క తప్పుతుంది, అందుకే ఆ షరతు.

లెక్క చేసేది విద్యార్థే కాబట్టి అతను తీసివేతలో తడబడితే ట్రిక్కు మొత్తం పోతుంది. ప్రతి అడుగునూ తరగతితో కలిసి పైకి చెప్పించండి, తప్పు వస్తే ఎవరో ఒకరు వెంటనే దిద్దుతారు. 1089 రాగానే తొందరపడకండి. మొదటి మూడు అంకెలు పేజీ నంబరు, చివరి అంకె పదం నంబరు అని చెప్పి, పుస్తకం మరొకరికి ఇచ్చి, 108వ పేజీ తెరిచి, 9వ పదాన్ని గట్టిగా చదవమనండి. ఆ తరువాతే క్లాస్ లీడర్‌ను కాగితం విప్పమనండి, ఆ పదాన్ని మీరు చదవకండి, ఆమెనో అతన్నో చదవనివ్వండి. జవాబు ఎప్పుడూ ఒకటే కాబట్టి ఒక సెక్షన్‌లో దీన్ని ఒక్కసారే చెయ్యాలి. పక్క సెక్షన్‌కు కబురు చేరకముందే అక్కడ కూడా చేసెయ్యండి, కుదరకపోతే వచ్చే ఏడాది కొత్త తరగతి కోసం ఉంచుకోండి.