కాంబోలన్నీ వచ్చు, మ్యాచ్ మాత్రం పోతోంది: ఆదివారం ఫోన్-ఇన్

(ఆదివారం సాయంత్రం 7 గంటల కార్యక్రమం. ఫైటింగ్ గేముల్లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా కొట్టుకునే వీడియో గేముల్లో, సాధన గురించి వచ్చిన ఫోన్లు. కాంబో అంటే ఆగకుండా వరసగా తగిలే దెబ్బలు. మాట్లాడినవాళ్ల పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.)

యాంకర్: నమస్కారం. ఈ వారం మన స్టూడియోలో ఫైటింగ్ గేములు నేర్పే కోచ్ ఉన్నారు. విజయవాడ ఆయన. నా సంగతి ముందే చెప్పేస్తా, ఈ ఆటల్లో నాకు తెలిసింది ముస్తఫా గేమ్ ఒక్కటే.

కోచ్: (నవ్వు) ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు మేడమ్. ముస్తఫా అంటే మాత్రం మా వయసువాళ్లందరి కళ్లూ మెరుస్తాయి. అందులో పక్కన నిలబడ్డవాడు మన పక్షమే. ఈ రోజు మనం మాట్లాడుకునేది పక్కన కూర్చున్నవాడు మనల్నే కొట్టే ఆట.

యాంకర్: మొదటి కాల్. హలో, ఎక్కడి నుంచి?

ఖమ్మం: హలో మేడమ్, ఖమ్మం నుంచి. పేరు చెప్పను, నాన్న ఇంట్లోనే ఉన్నాడు.

యాంకర్: సరే, చెప్పకు. టీవీ సౌండ్ మాత్రం తగ్గించు బాబూ, నా గొంతు నాకే వినిపిస్తోంది.

ఖమ్మం: తగ్గించా. అన్నా, నేను ‘స్ట్రీట్ ఫైటర్ 6’ ఆడతాను, కెన్ అనే పాత్రతో. నాలుగు నెలల నుంచి ప్లాటినం ర్యాంక్‌లోనే ఉండిపోయా. కాంబోలన్నీ వచ్చు. ట్రైనింగ్ మోడ్‌లో పదికి పది వేస్తా. మ్యాచ్‌లోకి వెళ్తే ఒక్కటీ పడట్లేదు.

కోచ్: నిన్న ఆఖరి మ్యాచ్ ఎందుకు పోయింది?

ఖమ్మం: నెట్ లాగ్ అన్నా.

కోచ్: దాని ముందుది?

ఖమ్మం: అది... వాడొక స్పామర్ అన్నా. ఊరికే దూకుతూనే ఉంటాడు.

కోచ్: ఎన్నిసార్లు దూకాడు?

ఖమ్మం: లెక్కపెట్టలేదు.

కోచ్: రీప్లే ఉంటుందిగా. ఫోన్ పెట్టేశాక అది పెట్టుకుని, ఒక కాగితం తీసుకో. వాడు దూకినప్పుడల్లా ఒక గీత గియ్యి. గాలిలో ఉండగానే కొట్టి కింద పడేస్తే ఆ గీత కొట్టెయ్. కాగితం రెండో వైపు, నీకు పెద్ద కాంబో మొదలుపెట్టే సందు ఎన్నిసార్లు దొరికిందో రాయి. నా అంచనా, సందులు రెండో మూడో ఉంటాయి. దూకుళ్లు పది దాటతాయి. నాలుగు నెలలూ నువ్వు ఆ మూడింటి కోసం కష్టపడ్డావు. ఈ పదింటినీ ముట్టుకోలేదు.

ఖమ్మం: దూకితే షోర్యుకెన్, ఆ పైకి లేచే గుద్దు, కొట్టాలని తెలుసన్నా. చెయ్యి లేవట్లేదు.

కోచ్: ఎలా లేస్తుంది? అప్పటికే ఇంకేదో బటన్ నొక్కేసి ఉంటావు. నీ కాలు ఇంకా గాలిలో ఉంటుంది, వాడు నెత్తి మీద దిగుతాడు. చూడలేక కాదు, ఖాళీగా లేక. ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీకి, అంటే ఎదురుగా నిలబడే బొమ్మకి, మనమే కదలికలు రికార్డ్ చేసి ఇవ్వొచ్చు, తెలుసా?

ఖమ్మం: ఉందని తెలుసు. వాడలేదు.

కోచ్: మొదటి స్లాట్‌లో డమ్మీ దూకి తన్నేలా రికార్డ్ చెయ్. రెండో స్లాట్‌లో ఊరికే నడిచొచ్చి ఆగిపోవాలి. మూడోదాన్లో డ్రైవ్ ఇంపాక్ట్. మూడూ ఆన్ చేసి ప్లే కొడితే ఏది వస్తుందో నీకు తెలీదు. దూకితే షోర్యుకెన్. ఇంపాక్ట్ వస్తే నువ్వూ ఇంపాక్ట్. నడిచొస్తే చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం, చూస్తావుగా. వాడు నడుస్తుంటే కూడా నీ షోర్యుకెన్ లేచిపోతుంది.

యాంకర్: ఒక్క నిమిషం. డ్రైవ్ ఇంపాక్ట్ ఏంటో మాలాంటి వాళ్లకి చెప్పండి.

కోచ్: మన దెబ్బలు రెండు కాచుకుంటూ మీదకి దూసుకొచ్చే పెద్ద గుద్దు మేడమ్. ఈ ఆట సెకనుకి 60 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఆ గుద్దు తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది. అర సెకనుకి కాస్త తక్కువ. కంటితో చూసి బటన్ నొక్కడానికి మనిషికి పావు సెకను చాలు. కాబట్టి ఎవరైనా చూసి తిప్పికొట్టొచ్చు, వేళ్లు ఖాళీగా ఉంటే. బాబూ, వారం రోజులు కాంబోల జోలికి వెళ్లకు. గెలిచావా ఓడావా కూడా చూడకు. గీతలు ఎన్ని కొట్టేశావో అదొక్కటే చూడు.

ఖమ్మం: ర్యాంక్ పడిపోతే?

కోచ్: పడనీ. నాలుగు నెలలు కాపలా కాశావు, ఏమొచ్చింది?

యాంకర్: వాళ్ల నాన్న వచ్చినట్టున్నారు, లైన్ కట్టయింది. తర్వాతి కాల్... విజయనగరం. నమస్కారమండీ.

విజయనగరం: నమస్కారమమ్మా. మా అబ్బాయి గురించి, బాబూ. ఇంటర్ రెండో సంవత్సరం. ఆడుకుంటే ఆడుకోనీ అనుకుంటాను. కానీ వీడి ఆటలో అవతల ఎవరూ ఉండరు. ఒక బొమ్మ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటుంది. దాన్ని కొడతాడు, మళ్లీ మొదటికొస్తాడు, మళ్లీ అదే కొట్టుడు. పక్క గదిలో ఆ టకటకలు వినలేక చస్తున్నాను. వాడికి ఏమైనా...

కోచ్: (నవ్వు) ఏమీ కాలేదమ్మా. అది సాధన. మీది విజయనగరం అన్నారు, సంగీతం ఏమైనా నేర్చుకున్నారా?

విజయనగరం: వీణ. పెళ్లికి ముందు ఆరేళ్లు.

కోచ్: సరళీ స్వరాలు ఎన్నాళ్లు వాయించారు?

విజయనగరం: అబ్బో, మా మేష్టారు మూడు కాలాలూ కుదిరితే గానీ జంట స్వరాలకి వెళ్లనిచ్చేవారు కాదు. మా నాన్నగారు కూడా అచ్చం ఇలాగే విసుక్కునేవారు, ఇంకో పాటే రాదా అని... ఓహో. అదా సంగతి.

కోచ్: అదేనమ్మా.

విజయనగరం: అయితే ఒకటి అడుగుతాను. వీడు మొదటి కాలం, రెండో కాలం లేకుండా ఏకంగా మూడో కాలమే వాయిస్తున్నాడు కదా? టకటకటక అంటాడు, మధ్యలో తప్పుతుంది, తనని తానే తిట్టుకుంటాడు, మళ్లీ అదే వేగం.

కోచ్: మేడమ్, నాకింక ఇక్కడ పని లేదు, ఈ కుర్చీలో అమ్మగారిని కూర్చోబెట్టండి. ఆవిడ చెప్పిందే నిజం. ఎనిమిది దెబ్బల కాంబో ఆరో దెబ్బ దగ్గర తెగితే, మొదటి నుంచి వందసార్లు వేసి లాభం లేదు. ఐదోది, ఆరోది, రెండే విడిగా తీసుకోవాలి. ఒకటి తగిలి రెండోది ఎప్పుడు నొక్కాలో ఆ లయ వేలికి పట్టాలి. వరసగా పదిసార్లు పడ్డాక ముందుదీ వెనుకదీ కలపాలి. ఇంకోటి అమ్మా, మీ వాడు బొమ్మకి ఎప్పుడూ ఎడమ పక్కనే నిలబడతాడేమో చూడండి.

విజయనగరం: ఎడమ పక్కే. ఎందుకూ?

కోచ్: కుడి పక్కకి మారితే నొక్కేదంతా తిరగబడుతుంది. ఎడమ పక్క అన్నీ వచ్చినవాడు కుడి పక్క పసిపిల్లాడైపోతాడు. మ్యాచ్‌లో సగం సేపు అటే ఉంటాం. అలాగే ఆ బొమ్మని కదలకుండా ఉంచడం మొదటి వారానికే. తర్వాత దానికి ‘ర్యాండమ్ గార్డ్’ పెట్టమనండి. ఒకసారి కాచుకుంటుంది, ఒకసారి తింటుంది. తగిలితే కాంబో పూర్తి చెయ్యాలి, కాచుకుంటే అక్కడే ఆపాలి. ఇదంతా రోజుకి ఇరవై నిమిషాలు చాలు. మిగతా టైమ్ మనుషులతో ఆడాలి. గంటలకొద్దీ బొమ్మని కొడితే బొమ్మని కొట్టడమే వస్తుంది.

విజయనగరం: ఇరవై నిమిషాలేనని టీవీలో చెప్పారంటాను. నా మాట వినడు గానీ మీది వింటాడు.

యాంకర్: హన్మకొండ నుంచి ఒకరున్నారు. చెప్పండి సార్.

హన్మకొండ: నమస్తే తమ్ముడూ. నాకు 41. మా చిన్నప్పుడు వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ల వేసి ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ఆడేటోళ్లం. ఆ గల్లీలో నన్ను కొట్టేటోడు లేకుండె. ఇప్పుడు ‘స్ట్రీట్ ఫైటర్ 6’తో మళ్లీ మొదలుపెట్టిన. పిల్లలు నన్ను ఉతికి ఆరేస్తున్నరు. వయసు అయిపోయిందా?

కోచ్: అన్నా, ఆసియా క్రీడలు హాంగ్‌జౌలో 2023లో జరిగాయి కదా. అందులో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ పతకాల పోటీ. స్వర్ణం గెలిచింది దక్షిణ కొరియాకి చెందిన కిమ్ గ్వాన్-వూ. ఆయనకి అప్పుడు 44.

హన్మకొండ: ఏందీ! నాకన్నా పెద్దోడా?

కోచ్: పెద్దే. చిన్నప్పటి నుంచీ ఆడుతున్న మనిషి. మన దేశం నుంచి కూడా ఇద్దరు వెళ్లారు ఆ పోటీకి. వయసుని అనుమానించే ముందు టీవీని అనుమానించండి. దేని మీద ఆడుతున్నారు?

హన్మకొండ: హాల్లో 55 ఇంచీలది.

కోచ్: గేమ్ మోడ్ ఆన్ చేశారా?

హన్మకొండ: అది ఎక్కడుంటది?

కోచ్: పిక్చర్ సెట్టింగుల్లో. చాలా టీవీలు బొమ్మని నునుపు చేసి చూపించడానికి కాస్త టైమ్ తీసుకుంటాయి. సినిమాకి ఫరవాలేదు. మనకి మాత్రం జరిగిపోయింది చూపిస్తున్నట్టే. నెట్ వైఫైయేనా?

హన్మకొండ: వైఫైయే.

కోచ్: రౌటర్ నుంచి ఒక వైరు లాగండి. మ్యాచ్ ఒప్పుకునే ముందు ఎదుటివాడిది వైఫైయా వైరా అన్న గుర్తు కనిపిస్తుంది. మీది వైఫై అని చూసి చాలామంది వద్దనుకుని ఉంటారు. ఈ రెండూ చేసి నెల ఆడండి. చేతులు ఇంకా వెనకబడితే మోడర్న్ కంట్రోల్స్ పెట్టుకోండి. అందులో ముందుకి నొక్కి ఒక్క బటన్ కొడితే షోర్యుకెన్ వస్తుంది. దెబ్బ బలం 20 శాతం తగ్గుతుంది, అయినా దూకినవాడు కింద పడతాడు.

హన్మకొండ: అది మోసం కాదా?

కోచ్: కొందరు అలాగే అంటారు. టోర్నమెంట్లలో ఒప్పుకున్నాక మనకెందుకన్నా బాధ.

యాంకర్: ఇప్పుడు న్యూజెర్సీ నుంచి ఒక కాల్. అక్కడ పొద్దున్నే కదమ్మా?

న్యూజెర్సీ: అవును మేడమ్, తొమ్మిదిన్నర. ఎమ్మెస్ చేస్తున్నాను. అన్నా, నేను ‘టెక్కెన్ 8’ ఆడతాను. వచ్చే శనివారం ఇక్కడ చిన్న టోర్నమెంట్‌కి మొదటిసారి పేరిచ్చాను. ఇప్పటి నుంచే టెన్షన్. ఈ వారంలో ఏం నేర్చుకోవాలి?

కోచ్: కొత్తది ఒక్కటీ వద్దమ్మా. పరీక్ష ముందు రోజు కొత్త చాప్టర్ తెరుస్తామా? ఉన్నదాన్ని బిగించుకో. టెక్కెన్‌లో పాత్రకి వంద పైన దెబ్బలు, అన్నీ ఎవరికీ గుర్తుండవు. ఎక్కువమంది వాడే హాప్‌కిక్, ఆ ఎగిరి తన్నే దెబ్బ, ఉందిగా, కాచుకున్నాక ఏం కొడతావు?

న్యూజెర్సీ: అంటే... ఒక్కోసారి జాబ్, చిన్న గుద్దు. ఒక్కోసారి ఏమీ కొట్టను.

కోచ్: హాప్‌కిక్ కాచుకుంటే చాలా పాత్రలు 13 ఫ్రేములు వెనకబడి ఉంటాయి, అంతలోపు తగిలే దెబ్బని కాచుకోలేవు. జాబ్ 10 ఫ్రేముల్లో వెళ్తుంది, తగులుతుంది. కానీ నీ పాత్రకి 12, 13 ఫ్రేముల్లో అంతకంటే గట్టి దెబ్బ ఉంటుంది. జాబ్‌తో సరిపెట్టుకుంటే రూపాయి బాకీకి పావలా తీసుకున్నట్టే. టెక్కెన్ 8లో దీనికి పనిష్‌మెంట్ ట్రైనింగ్ అని విడిగా ఉంది. రోజూ పదిహేను నిమిషాలు దాన్నే చెయ్. ఓడిన మ్యాచ్‌ని రీప్లేలో పెట్టుకుని, మధ్యలో ఆపి అక్కడి నుంచి నువ్వే ఆడి చూడొచ్చు కూడా. మంచి ఏర్పాటు అది. చేత్తో పట్టుకుని ఆడే ప్యాడ్ ఏది?

న్యూజెర్సీ: వైర్‌లెస్.

కోచ్: వైరు కూడా పట్టుకెళ్లు. నీ మ్యాచ్ అయ్యాక ఆ మెషీన్ నుంచి ప్యాడ్‌ని అన్‌పెయిర్ చేయడం, అంటే కనెక్షన్ తెంచడం, మర్చిపోకు. నా మొదటి టోర్నమెంట్‌లో ఓడిపోయి, ప్యాడ్ సంచిలో పడేసి టీ తాగడానికి వెళ్లా. సంచిలో బటన్ నొక్కుకుంది. అక్కడ స్టేజీ మీద ఇంకెవరో ఆడుతుంటే మ్యాచ్ ఆగిపోయి మెనూ వచ్చింది. హాలంతా అరుపులు. మ్యాచ్ మధ్యలో పాజ్ పడితే రౌండే పోగొట్టుకోవచ్చు, తప్పు ఎవరిదో తేల్చేసరికి నాకు చెమటలు పట్టాయి. ఓడినందుకు పడని సిగ్గు దానికి పడ్డాను.

న్యూజెర్సీ: (నవ్వు) అయ్యో. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోతే ఏం చేయాలన్నా?

కోచ్: సాధారణంగా రెండుసార్లు ఓడితేనే బయటికి పంపిస్తారు, కాబట్టి ఇంకోటి ఉంటుంది. అదీ పోతే నిన్ను ఓడించినవాళ్ల దగ్గరికెళ్లి, ‘ఇంకో రెండు మామూలు మ్యాచ్‌లు ఆడదామా’ అని అడుగు. తర్వాత, ‘నాలో ఏం చూసి కొట్టావు’ అని అడుగు. పాకిస్తాన్‌కి చెందిన అర్స్‌లాన్ ఆష్ 2019లో ఎవో జపాన్, లాస్ వేగాస్ ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ పోటీలు రెండూ గెలిచాడు, టెక్కెన్ 7లో. అంతకుముందు లాహోర్‌లో ఇంత గట్టి ఆటగాళ్లున్నారని బయట చాలామందికి తెలీదు. పేరున్న టోర్నమెంట్లు కాదు వాళ్లని తయారుచేసింది, పక్కపక్కన కూర్చుని ఒకళ్లనొకళ్లు కొట్టుకున్నారు. ఆన్‌లైన్‌లో ఓడించినవాడు మాయమైపోతాడు. ఎదురుగా ఉన్నవాడైతే చెప్తాడు.

యాంకర్: ఇంకో రెండు నిమిషాలే ఉంది. నంద్యాల, త్వరగా చెప్పండి.

నంద్యాల: సార్, ఆర్కేడ్ స్టిక్, అదే పాత గేమ్ షాపు మెషీన్లలా కర్రా బటన్లూ ఉండే పెట్టె, కొందామనుకుంటున్నా, ఇరవై వేలంటున్నారు. ఇప్పుడు కీబోర్డ్ మీద ఆడుతున్నా. స్టిక్ ఉంటే ఆట మారుతుందా?

కోచ్: మారుతుంది, మొదటి నెలంతా అధ్వానంగా. (నవ్వు) 2014 ఎవోలో ‘అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4’ గెలిచిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ వాడింది మొదటి ప్లేస్టేషన్ ప్యాడ్. 1994లో వచ్చిన మెషీన్‌ది. కీబోర్డ్ తక్కువదేమీ కాదు. మీ కీబోర్డ్‌లో మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే అన్నీ పడుతున్నాయా?

నంద్యాల: ఎప్పుడూ చూడలేదు సార్.

కోచ్: ట్రైనింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే పెట్టి చూడండి. ఏ కీ నొక్కితే ఏది పడిందో స్క్రీన్ పక్కన వరసగా వస్తుంది. నొక్కింది పడకపోతే కీబోర్డ్ మార్చండి, దానికి ఇరవై వేలు అక్కర్లేదు. అన్నీ పడుతుంటే మాత్రం...

యాంకర్: సారీ సార్, వార్తల టైమ్ అయింది. నంద్యాల కాలర్, లైన్‌లోనే ఉండండి, కోచ్ గారు బయట మాట్లాడతారు.